ఎవజీ దుబాసీకి పక్కా నౌకరీ

ఉద్యోగంలో ఎదగాలనుకునేవాళ్ళకు పెద్దలు చెప్పే బుద్ధులు ఎప్పుడూ అవే. పని నేర్చుకో, కొత్త పని అప్పజెబితే కాదనకు, పైవాడి మనసెరిగి మసలుకో, నువ్వు లేకపోతే గడవదనిపించుకో. బస్తర్ సంస్థానంలో, కోంట తహశీలు కచేరీలో దుబాసీగా ఉన్న శ్రీరంగం ఈ నాలుగూ తు.చ. తప్పకుండా చేశాడు. ఒక ఏడాదీ రెండేళ్ళూ కాదు, ఇరవై రెండేళ్ళు చేశాడు. ఇంత చేసి ఎక్కడిదాకా వచ్చాడయ్యా అంటే, మొదటిరోజు కూర్చున్న వరండా చివరి బల్ల దగ్గరే ఉన్నాడు. బల్ల మాత్రం ఈ లోపల రెండుసార్లు మారింది.

దుబాసీ పనంటే ఏముంది, ఈ పక్క మాట ఆ పక్కకు చేరవెయ్యడమే కదా అని మీరనుకోవచ్చు. కచేరీవారూ అలాగే అనుకునేవారు. కచేరీ భాష హిందీ. కోంట బజారులో తెలుగు. జగదల్‌పూర్ నుంచి వచ్చే బంట్రోతులు హల్బీ మాట్లాడతారు. ఇక పన్ను కట్టేవాళ్ళు, రోడ్డు వేసేవాళ్ళు, సామాను మోసేవాళ్ళు, తిట్లు తినేవాళ్ళు మాట్లాడేది దోర్లీ. ఈ నాలుగూ ఒక్క నోట్లో పట్టినవాడు ఆ తహశీలు మొత్తానికి శ్రీరంగం ఒక్కడే.

ఒకసారి ఎర్రబోరు దగ్గర తహశీల్దారు గారు దౌరా మీద, అంటే ఊళ్ళు తనిఖీ చేస్తూ వచ్చి, రోడ్డు పని మొదలుపెట్టలేదని ఊరివాళ్ళను నిలబెట్టి, తాతముత్తాతల దాకా వెళ్ళి తిట్టారు. ఆ తిట్లన్నీ హిందీలో ఉన్నాయి. శ్రీరంగం వినయంగా తలూపి ఊరివాళ్ళ వైపు తిరిగి, "దొర మీ పిల్లాపాపలు బాగున్నారా అని అడుగుతున్నారు. వీలు చూసుకుని రోడ్డు కూడా చూడమంటున్నారు" అన్నాడు. ఊరి పెద్ద వెంటనే, నాట్ల రోజుల్లో వచ్చి ప్రాణం తీస్తున్న ఈ దొరను పులి ఎత్తుకుపోను అన్నాడు. శ్రీరంగం చేతులు కట్టుకుని తహశీల్దారు గారికి విన్నవించాడు: "హుజూర్, తమరి రాకతో అడవి పావనమైందంటున్నారు. నాట్లు కాగానే రోడ్డు వేస్తారట." తహశీల్దారు గారు మీసం సవరించుకున్నారు. ఊరివాళ్ళు, దొర మొహం కోపంగా ఉన్నా మనసు మంచిదేనని తలలూపారు. ఆ రోజు ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఇలాంటి రోజులు శ్రీరంగం సర్వీసులో వందలున్నాయి.

ఇంతటివాడు ఎందుకు ఎదగలేదంటే, ఎదగడానికి ముందు ఆ ఉద్యోగం అతనిది కావాలి కదా. అది అతనిది కాదు. అసలు దుబాసీ వేరే ఉన్నాడు. ఆయన కాశీయాత్రకని మూడు నెలల సెలవు పెట్టి వెళ్తూ, తిరిగొచ్చేదాకా కోంటలో దుకాణాదారు దశరథరామయ్య తమ్ముడు శ్రీరంగాన్ని బదులుగా కూర్చోబెట్టి వెళ్ళాడు. ఒకడి బదులు కూర్చున్నవాడిని కచేరీలో ఎవజీ అంటారు. కాశీ వెళ్ళినాయన తిరిగి రాలేదు. పోయాడన్న కబురూ రాలేదు. మనిషి రానందువల్ల పని శ్రీరంగం చేస్తున్నాడు, కబురు రానందువల్ల ఉద్యోగం ఆయన చేస్తున్నాడు. హాజరుపట్టీలో ఇరవై రెండేళ్ళుగా ఆ మహానుభావుడు యాత్రలోనే ఉన్నాడు.

ఏడుగురు తహశీల్దార్లు మారారు. వచ్చిన ప్రతి ఒక్కరూ, "నిన్ను పక్కా చేయిస్తానయ్యా" అన్నారు. ఆ మాట మీద శ్రీరంగం ఒక్కొక్కరి దగ్గర ఒక్కో విద్య నేర్చాడు. మొదటి ఆయన కోసం డేరా వెయ్యడం నేర్చుకున్నాడు, డేరా పని అతనికే పడింది. రెండో ఆయన గుర్రానికి కడుపునొప్పి వస్తే మందు పోశాడు, గుర్రం అతనికే పడింది. అర్జీలు రాయడం, పాముకాటుకు కట్టు కట్టడం, తుపాకీ తుడవడం, ఇలా నేర్చినవన్నీ మెడకు చుట్టుకున్నాయి. అయిదో తహశీల్దారు గారి తల్లికి గోంగూర పచ్చడి నోటికి హితవైంది. అది చేసేది శ్రీరంగం భార్య జ్ఞానప్రసూన.

"నన్ను గూడ ఎవజీ కింద రాసిండ్రా ఏంది?" అని ఆవిడ రోలు దగ్గర కూర్చుని అడిగింది. "రాస్తే చెప్పండి, పండుగ పూటన్నా సెలవు అడుగుత."

"నోరు మెదపకు. ఈయన మంచోడు. ఈసారి అయితది."

"అయిదుగురూ మంచోళ్ళే. మనకే మంచిగైతలేదు."

అన్న దశరథరామయ్య మాత్రం తమ్ముడికి ధైర్యం చెప్పేవాడు. సర్కారు నౌకరీ అంటే ఓపిక ఉండాలనేవాడు. ఓపిక గురించి అంత బాగా చెప్పే ఆయన, బేరగాడు రెండోసారి ధర అడిగితే కోప్పడేవాడు. అయినా తమ్ముడు కచేరీలో ఉన్నాడంటే బజారులో ఆయనకూ కాస్త విలువే.

ఇలా ఉండగా శ్రీరంగానికి నలభై తొమ్మిది నిండాయి. యాభై దాటినవాడిని పక్కా చేయకూడదని సంస్థానంలో ఒక రూలుంది. మిగిలిన రూళ్ళ సంగతేమోగానీ ఇది మాత్రం తప్పకుండా పాటిస్తారు. వచ్చే ఫాల్గుణంలో యాభై నిండుతాయి. ఆ లోపల కాగితం రాకపోతే ఇక ఈ జన్మకు రాదు. వచ్చే జన్మలో ఏ భాష వస్తుందో తెలియదు. నవ్వుతాలుగా చెబుతున్నాను గానీ, ఆ ఏడు శ్రీరంగానికి అన్నం సయించేది కాదు. తన పేరు ఒక్కసారి, ఎవరి బదులూ కాకుండా, ఆ పట్టీలో రాసి ఉంటే చూడాలన్నది అతని కోరిక. అంతకంటే పెద్ద కోరిక అతనికి లేదు.

ఏడో తహశీల్దారు గారు పిలిచి కూర్చోమన్నారు. ఇరవై రెండేళ్ళలో కూర్చోమన్నది ఈయనే. శ్రీరంగం భయపడి నిలబడ్డాడు.

"మార్గశిరంలో జగదల్‌పూర్ నుంచి పెద్ద సాహెబు వచ్చి ఇప్పపాడులో మకాం చేస్తారు" అన్నారాయన. "ఆ కొండకు రిజర్వు అడవి గీత గీస్తున్నాం. పైన పోడు కొట్టుకునేవాళ్ళు దిగువకు పోవాలి. ఇష్టపూర్వకంగా పోతున్నామని వాళ్ళు సాహెబు ఎదుట చెప్పాలి. నువ్వు చెప్పించు. ఆ పూటే నీ కాగితం మీద సంతకం పెట్టిస్తాను. కాశీ ఆయన పేరు కొట్టేద్దాం."

కొట్టేద్దాం అన్న మాట ఇంత తీయగా ఉంటుందని శ్రీరంగానికి అప్పుడే తెలిసింది. మూడు నెలల ముందే ఊరివాళ్ళను మెత్తబరిచి రావాలని భాద్రపదంలో బయల్దేరాడు. ఎర్రబోరు దాకా బండి మీద వెళ్ళి, అక్కడినుంచి జగర్గుండా వైపు అడవి దారిన రోజున్నర నడిచాడు. తీరా ఇప్పపాడు చేరేసరికి ఊళ్ళో ఎవరూ తీరిగ్గా లేరు. ఆ రోజు దేవుళ్ళ విచారణ.

అదేమిటంటే, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో దేవుడైనా సరే పని చెయ్యాలి. ఏడాదికొకసారి, కొత్త గింజ తినబోయే ముందు, ఏ ఊరి దేవుణ్ణి ఆ ఊరివాళ్ళు కర్రల మీద మోసుకుని ఇప్పపాడు పెద్దమ్మ ఎదుటికి తెస్తారు. ఎవరికి ఏ దేవుడి మీద ఫిర్యాదుందో నిలబడి చెబుతారు. దేవుడి తరఫున పూజారి జవాబు చెప్పుకోవాలి. పెద్దలు అటూ ఇటూ విని, అమ్మ పూనకంలో అవునంటే తీర్పు చెబుతారు. తప్పు తేలితే ఆ దేవుణ్ణి ఆరు నెలలో ఏడాదో పక్కన పెడతారు. తోపు వెనక మొహం తిప్పి నిలబెడతారు, కోడి ఉండదు, ఇప్పసారా ఉండదు. బుద్ధి తెచ్చుకుని పని చేశాడని తేలితే మళ్ళీ పీట వేస్తారు.

శ్రీరంగం ఒక రాయి మీద కూర్చుని చూశాడు. పశువులకు గాలికుంటు వస్తే ఊళ్ళోకి రానిచ్చాడని పొలిమేర దేవుడి మీద ఫిర్యాదు. పూజారి కేసా లేచి, రోగం చాలా పెద్దది, ఆపితే ఇంకా కోపగించుకునేదని తన దేవుడు వెనక్కి తగ్గాడని చెప్పాడు. పెద్దలు ఒప్పుకోలేదు. ఏడాది. ఇంకో దేవుడు నిరుడు పక్కకు పోయినవాడు, ఈ ఏడు వానలు సకాలంలో కురిపించాడని సాక్ష్యాలొచ్చి పీట ఎక్కాడు. ఏ దేవుడూ అక్కడ కాశీయాత్రలో లేడు. ఎవరి పని ఏమిటో, చేశారో లేదో ఒక్క పూటలో తేలిపోతోంది. శ్రీరంగానికి కడుపు మండినంత పనైంది. ఈ రాళ్ళకూ కర్రలకూ ఉన్నపాటి కచేరీ తనకు లేకపోయిందే అనుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక ముయా అనే మాంఝీ, అంటే ఆ ఊళ్ళకు పెద్ద, శ్రీరంగాన్ని చూసి చెయ్యి ఊపాడు. తన మాట వింటారు కాబోలునని శ్రీరంగం తలపాగా సర్దుకుని లేచాడు. ముయా అతన్ని పెద్దల పక్కకు పిలవలేదు. పొలిమేర దేవుణ్ణి నిలబెట్టిన వరుస చూపించాడు.

"ఈడ కూసో."

"ఇక్కడా? నేను సర్కారు మనిషిని మాంఝీ, పని మీద వచ్చిన."

"పని సంగతే. నీ మీద ఫిర్యాదున్నది. జోగే, లే."

ఆడవాళ్ళ వైపునుంచి ఒక ముసలామె లేచింది. శ్రీరంగానికి ఆమె లీలగా గుర్తుంది.

"మూడేళ్ళ కింద తహశీల్దారు ఈడికొచ్చినప్పుడు నేను చెప్పుకున్న" అంది జోగే. "అడవి చౌకీదారు నా గొడ్డలి గుంజుకున్నడు. అది మా అయ్య గొడ్డలి. అది లేక పోడు కొట్టలే, ఇంటికి దూలం తేలే, కప్పు వానకు కూలింది, నా పెనిమిటి తడిసి జరమొచ్చి పడ్డడు. ఇయన్నీ చెప్పిన. ఎంతసేపు చెప్పిన? కుంచెడు వడ్లు దంచినంత సేపు చెప్పిన. ఈనె అటు తిరిగి మూడు ముక్కలన్నడు. నేను వేళ్ళ మీద లెక్క పట్టిన, మూడే. తక్కినయి ఏడ పోయినయి?"

అందరూ శ్రీరంగం వైపు చూశారు. ఆ మూడు ముక్కలు అతనికి బాగా గుర్తున్నాయి. "హుజూర్, గొడ్డలి పోయింది" అన్నాడు. వెతుక్కోమను అని తహశీల్దారు గారు సెలవిచ్చారు. కేసు అక్కడితో తేలిపోయింది.

శ్రీరంగం గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా, చౌకీదారు మీద ఫిర్యాదు చెప్తే దొరకు కోపమొస్తది. నిన్నే కొట్టించేవారు. మీ మంచికోసమే నేను తగ్గించి చెప్పిన. ఇరవై రెండేళ్ళుగా మీ ఒంటి మీద దెబ్బ పడకుండా కాపాడుకుంటూ వస్తున్న."

ముయా తల పంకించాడు. "పొలిమేరాయన గూడ గిదే అన్నడు. రోగానికి కోపమొస్తదని తగ్గిండట."

ఎవరో నవ్వారు. శ్రీరంగం తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏం జవాబు చెప్పాలో నాలుగు భాషల్లోనూ తోచలేదు. పెద్దలు ముందుకు వంగి మాట్లాడుకున్నారు. అమ్మ అవునంది. ముయా తీర్పు చెప్పాడు.

"ఏడాది. ఇయ్యాల్టికెల్లి నువ్వు మా దుబాసీవి కాదు. మాట ఎంతుంటే అంత మోస్తే మళ్ళ పీట ఏస్తం."

ఆ రోజు దేవుళ్ళకు పెట్టినట్టు అతనికి కోడీ సారా పెట్టలేదు. మనిషి కాబట్టి జావ మాత్రం పోశారు.

కోంటకు తిరిగొస్తూ శ్రీరంగం దారి పొడుగునా నవ్వుకున్నాడు. తాను సర్కారు ఉద్యోగి అయితే ఊరివాళ్ళు తనను తొలగించడమేమిటి! ఎర్రబోరు దగ్గర బండెక్కేసరికి నవ్వు ఆగిపోయింది. మరో సంగతి తట్టింది. ఇరవై రెండేళ్ళలో తన పని ఎలా ఉందని ఒక్క తహశీల్దారూ అడగలేదు. అడిగినవాళ్ళు వీళ్ళే. అడిగి, మూడు ముక్కలని వేళ్ళ మీద లెక్క పట్టి మరీ చెప్పారు. ఇంటికొచ్చి భార్యతో చెప్పాడు.

జ్ఞానప్రసూన అంతా విని, "నేను మీ అన్నకు చెప్పమన్నయి గూడ మీరు మూడు ముక్కలే చెప్తున్నరా ఏంది?" అని అడిగి లోపలికి వెళ్ళిపోయింది.

మార్గశిరంలో ఇప్పపాడులో ఆకుల పందిరి లేచింది. పెద్ద సాహెబుకు కుర్చీ, తహశీల్దారు గారికి ముక్కాలిపీట, మధ్యన బల్ల. బల్ల మీద రెండు కాగితాలు. ఒకటి ఊరివాళ్ళు ఇష్టపూర్వకంగా దిగిపోతున్నారనే కాగితం. దాని కింద శ్రీరంగం కాగితం. తహశీల్దారు గారు అంచు కాస్త పైకెత్తి అతనికి చూపించారు. శ్రీరంగం తన పేరు చూశాడు. దేవనాగరిలో గుండ్రంగా రాసి ఉంది. కళ్ళు చెమర్చాయి.

ఊరివాళ్ళు ఎండలో కూర్చున్నారు. ముందు ముయా, కాస్త వెనక జోగే. శ్రీరంగం నడుమ నిలబడ్డాడు. పక్కన పెట్టిన దుబాసీ కదా అని ముయా ఒక్క క్షణం ఆలోచించాడు. కానీ ఇంకో దుబాసీ లేడు.

"ఇష్టంగానే పోతున్నారా, అడుగు" అన్నాడు సాహెబు హిందీలో.

శ్రీరంగం అడిగాడు. ముయా లేచాడు.

"ఈ కొండ మీద మా తాత పోడు కొట్టిండు, ఆళ్ళ తాత కొట్టిండు. మీరు గీత గీసిన కాడ మా సచ్చినోళ్ళ రాళ్ళున్నయి. దిగువన రాయి తప్ప మన్ను లేదు. ఆడికి పొమ్మంటే సావుమన్నట్టే. ఇష్టమా అని అడుగుతున్నవ్. ఇష్టం లేదు. నీకు తుపాకులున్నయి, బలిమిన పంపు. పంపితే బలిమిన పంపినమని రాసుకో. మా ఇష్టమని మాత్రం రాయకు. ఆ అబద్ధం మా పేరు మీద ఎందుకు? ఈ తహశీల్దారు ఏటా వచ్చి మా కోళ్ళు తిని పోతడు, మా గోడు ఒక్కనాడు ఇనలే."

ముయా కూర్చున్నాడు. శ్రీరంగం సాహెబు వైపు తిరిగాడు. అతని నాలుక చివర "హుజూర్, వారు తమరి ఆజ్ఞకు" అన్న మాట తయారుగా ఉంది. ఇరవై రెండేళ్ళ అలవాటు, దానంతటదే వచ్చేస్తుంది. అప్పుడు చూశాడు. జోగే ఎడమ చేతి వేళ్ళు విప్పి, మొదటి వేలి మీద బొటనవేలు ఆనించి అతని నోటివైపే చూస్తోంది.

శ్రీరంగం బల్ల మీద కాగితం అంచు చూశాడు.  తర్వాత మొదలుపెట్టాడు.

తాత దగ్గర మొదలుపెట్టి కోళ్ళ దాకా చెప్పాడు. ఒక్క ముక్క వదల్లేదు. ఇప్పపాడులో అందరికీ నువ్వే, దేవుడికైనా నువ్వే. ఆ నువ్వును తమరు చెయ్యకుండా సాహెబు చేతిలో పెట్టాడు. పెద్ద సాహెబును హిందీలో తూ అన్న మొదటి మనిషి ఆ సంస్థానంలో అతనే అయి ఉంటాడు. చెబుతున్నకొద్దీ గొంతు గట్టిపడింది. జోగే వేళ్ళు చాలక ఊరుకుంది.

తహశీల్దారు గారు ముక్కాలిపీట మీదినుంచి లేచి నిలబడ్డారు. "దొంగ వెధవలు! అడవి పందులు! వీళ్ళను చెట్లకు కట్టి కొడితే ఇష్టం అదే పుడుతుంది!" అని అరిచారు.

శ్రీరంగం ఊరివాళ్ళ వైపు తిరిగాడు. "దొంగ వెధవలు, అడవి పందులు అంటున్నారు. చెట్లకు కట్టి కొడితే మీకు ఇష్టం పుడుతుందట."

ఊరివాళ్ళు నోరు తెరిచారు.

"ఆపు!" అన్నారు తహశీల్దారు గారు.

"ఆపు అంటున్నారు" అన్నాడు శ్రీరంగం దోర్లీలో.

ముయా పెద్దగా నవ్వాడు. "ఇన్నేండ్లూ ఈ మనిషి మన పిల్లల మంచిచెడ్డలు అడుగుతుండనుకున్నం!"

శ్రీరంగం అది కూడా హిందీలో చెప్పాడు. సాహెబు మొహంలో ఏ మార్పూ లేదు. ఒక్కసారి తహశీల్దారు గారి వైపు మాత్రం చూశాడు. ఆ సందులో జోగే లేచి గొడ్డలి సంగతి మొదలుపెట్టింది. కుంచెడు వడ్లు దంచినంత సేపు చెప్పింది. శ్రీరంగం కుంచెడు వడ్లు దంచినంత సేపు చెప్పాడు. పక్కన తహశీల్దారు గారు బల్ల మీది రెండో కాగితాన్ని తీసి నాలుగు మడతలు పెట్టారు. శ్రీరంగం అది చూస్తూనే చెప్పాడు.  అయినా మాట తప్పిపోలేదు.

అతన్ని తొలగించలేదు. తొలగించాలంటే ఉద్యోగం ఉండాలి కదా. "ఇక ఎవజీ అక్కర్లేదు" అన్నారు, అంతే. ఇరవై రెండేళ్ళుగా కదలని కాశీ యాత్రికుడి పేరు ఆ వారంలోనే ఒక్క గీతతో పోయింది. ఆ స్థానంలో తహశీల్దారు గారి బావమరిది పక్కాగా చేరాడు. ఆయనకు హిందీ వచ్చు. ఇంకేమీ రాదు. అంచేత ఏ పక్షం మాటా ఏ పక్షానికీ చేరదు, పని చాలా సాఫీగా జరిగిపోతోందని కచేరీలో మంచి పేరు తెచ్చుకున్నాడు. ఎదగడం అలా ఎదగాలి.

ఇప్పపాడు కొండకు గీత పడనే పడింది. పైవాళ్ళను దిగువకు తోలారు. కాగితంలో మాత్రం ఇష్టపూర్వకంగా అన్న మాట రాయలేకపోయారు, సాహెబు స్వయంగా విన్నాడు గనక. ఇంకొకటి, పుష్యమాసంలో ఒక చౌకీదారు జోగే ఇంటి ముందు గొడ్డలి పారేసి వెళ్ళాడు. కామ లేదు, ఇనుము మాత్రమే.

దశరథరామయ్య తమ్ముడితో నెల రోజులు మాట్లాడలేదు. "ఒక్క పూట! ఒక్క పూట నోరు అదుపులో పెట్టుకుంటే పోయేది!" అని దుకాణానికి వచ్చినవాళ్ళందరితో చెప్పుకున్నాడు. శ్రీరంగం వాదించలేదు. ఫాల్గుణంలో యాభై నిండిన రోజున మాత్రం పొద్దంతా శబరి నది ఒడ్డున కూర్చుని ఏడ్చాడు. కోరిక చిన్నదైనా తీరకపోతే బాధ చిన్నది కాదు. జ్ఞానప్రసూన వెతుక్కుంటూ వచ్చి పక్కన కూర్చుంది. 

మళ్ళీ భాద్రపదం వచ్చింది. ఎవరూ పంపకుండా, ఎవరి డేరా మొయ్యకుండా, శ్రీరంగం ఇప్పపాడు బయల్దేరాడు. ఎందుకు పోతున్నారని భార్య అడిగితే, "వాయిదా ఉంది" అన్నాడు.

వెళ్ళి తనంతట తానే పక్కన పెట్టినవాళ్ళ వరుసలో, పొలిమేర దేవుడి పక్కన కూర్చున్నాడు. అతని వంతు వచ్చింది. జోగే లేచింది.

"పోయిన మార్గశిరంల నేను చెప్పినంతా చెప్పిండు. నా ఎదుటనే చెప్పిండు. గొడ్డలొచ్చింది. పీట ఏయుండ్రి."

పూజారి కేసా అడ్డం పడ్డాడు. అతని దేవుడికింకా పీట దొరకలేదు, ఆ మంట అతనికుంది. "గొడ్డలొస్తే ఏమాయె? కొండ పోయింది గదా. చెప్పి ఏం లాభం? పని కాలే."

శ్రీరంగం తల వంచుకున్నాడు. కేసా అన్నది నిజమే. 

 "ఎవని పని ఆనిదే" అన్నాడు ముయా. "చెప్పుడు ఈనె పని. చెప్పిండు. ఇనుడు సాహెబు పని. ఇనలే. అది ఈనె తప్పు కాదు. సాహెబు మీద ఫిర్యాదు."

పెద్దలు ఔనన్నారు. అమ్మ ఔనంది. శ్రీరంగాన్ని లేపి పీట మీద కూర్చోబెట్టారు. ఎవరి బదులూ కాదు, అతన్నే. అతని ముందు ఆకు దొన్నెలో సారా పెట్టారు. కోమటింటి బిడ్డ కాబట్టి తాగలేదు గానీ, రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. 

ఈలోపు కేసా, అతను లేచిన చోట నేల ఊడ్చి, కొత్తగా ఒక ఆకు పరిచాడు. అది పెద్ద సాహెబు స్థానం. ఎవరి మీద ఫిర్యాదుందో వాడు వచ్చి అక్కడ కూర్చోవాలి, కూర్చోనిదే విచారణ లేదు. దేవుళ్ళకైనా అదే రివాజు.

"పిలుచుకొచ్చేదెవరు?" అన్నాడు ముయా.

 ఒక్కొక్కరే పీట వైపు తిరిగారు. శ్రీరంగం అటూ ఇటూ చూశాడు. అక్కడ నాలుగు భాషలొచ్చినవాడు ఇంకొకడు లేడు.  సాహెబు గుమ్మం, బంట్రోతులు, బావమరిది, జగదల్‌పూర్ దాకా నడక, అన్నీ కళ్ళముందు తిరిగాయి. దొన్నె జాగ్రత్తగా కింద పెట్టాడు.

"ఎన్నటికి తేవాలె?"

"వచ్చే ఏటికి."

"అయితే ఫిర్యాదంతా మొదటినుంచి చెప్పుండ్రి" అన్నాడు శ్రీరంగం, వాళ్ళకెదురుగా జరిగి కూర్చుని. "నిదానంగా చెప్పుండ్రి. తగ్గించకుండ్రి."